18 సెంటీమీటర్ల థకాన్

మన ఇళ్లల్లో థకాన్ అనే మాటకి పెద్దగా ఇజ్జత్ లేదు. బుఖార్ అంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. షుగర్ అంటే రిపోర్టులో నంబరుంటుంది. థకాన్ అంటే మాత్రం "ఎవరికి లేదమ్మా?" అంటారు. ఫజర్‌కి లేచి ఇషా దాటేదాకా కాళ్ల మీదే ఉండే ఆడవాళ్ల మధ్య ఆ మాట పైకి అన్న మనిషిదే నఖ్రా అవుతుంది. అందులోనూ డాక్టరు స్కాన్ చూసి "అంతా నార్మలే" అని చెప్పాక ఇంకేముంది!

తలకి చిన్న దెబ్బ తగిలాక వచ్చే థకాన్ వేరే రకం. అది ఎక్కడినుంచి వస్తుందో వెతికితే కొంతమందిలో కళ్ల దగ్గర దొరుకుతుంది. చూపు దగ్గర కాదు, కళ్లు కదలడం దగ్గర. నా ఐనక్ నంబరు మారలేదు. దూరం నుంచి వచ్చే బస్సు బోర్డు చదవగలను. సూదిలో దారం ఎక్కించగలను. కానీ ఒక్క పేజీ చదివితే దినమంతా బట్టలు పిండినట్టు ఒళ్లు సచ్చుబడిపోయేది. ఈ రెండింటికీ సంబంధం ఏంటో తెలుసుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే అన్నాళ్లు పట్టకూడదని ఇది రాస్తున్నా.

నేను సర్కారు బడిలో తెలుగు టీచర్‌ని. కిందటి నవంబర్‌లో బడి నుంచి ఆటోలో ఇంటికొస్తుంటే చీకట్లో స్పీడ్‌బ్రేకర్ మీద ఆటో ఎగిరింది. పైన అడ్డంగా ఉండే ఇనప కమ్మీకి తల కొట్టుకుంది. రక్తం రాలేదు. రెండు మూడు నిమిషాలు ఏం జరిగిందో యాద్ లేదు, అంతే. పక్కనున్న ఆమె నా బుర్ఖా సర్ది, నీళ్లు తాగించి, "పేరేంటమ్మా?" అని అడుగుతుండగా తెలివిలోకొచ్చాను. ఆ రాత్రే సీటీ స్కాన్ తీశారు. రక్తస్రావం లేదు, ఎముక పగల్లేదు, అల్హందులిల్లా. కాయితం మీద "మైల్డ్" అని రాసి పంపారు.

ఈ మైల్డ్ అనే మాట గురించి కాస్త చెప్పాలి. తలకి దెబ్బ తగిలినవాళ్లు కళ్లు తెరుస్తున్నారా, మాట్లాడుతున్నారా, చెప్పినట్టు చేతులు కదిలిస్తున్నారా అని చూసి డాక్టర్లు 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. దాన్ని గ్లాస్గో స్కేల్ అంటారు. 13 నుంచి 15 వస్తే, స్పృహ తప్పడం అరగంట లోపే అయితే, జరిగింది గుర్తులేకపోవడం 24 గంటల లోపే అయితే, అది మైల్డ్. ఈ కొలతలన్నీ దెబ్బ తగిలిన రోజువి. ఆ తర్వాత ఆ మనిషి ఎన్నాళ్లు పరేషాన్ అవుతుందో ఆ మాటలో లేదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి నెలలు పడుతుంది. నేను ఆ కొందరిలో ఉన్నాను.

సీటీ దండగ అనడంలేదు, అది తీయాల్సిందే. లోపల రక్తం గడ్డకడుతోందా అన్నది జాన్‌కి సంబంధించిన సంగతి. కానీ సీటీకి కనిపించేది రక్తం, ఎముక, పెద్ద వాపు. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు దిమాక్ లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి. ఆ కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. దాన్ని సర్దుకోడానికి దిమాక్‌కి ఎక్కువ ఇంధనం కావాలి, సరిగ్గా అప్పుడే రక్త ప్రవాహం తగ్గి ఉంటుంది. ఇదేదీ సీటీ ఫిల్ము మీద పడదు. కాబట్టి స్కాన్ నార్మల్ అన్న మాట నిజమే, నాకు ఒంట్లో బాగాలేదన్న మాటా నిజమే.

ఇంట్లో మాత్రం మొదటి మాట ఒక్కటే నిలబడింది.

మొదటి వారం బీమార్‌పుర్సీకి వచ్చినవాళ్లతో ఇల్లు నిండింది. మోసంబీలు, బిస్కెట్ ప్యాకెట్లు, దువాలు. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే నా తల లోపల నాలుగు రేడియోలు మోగినట్టుండేది. లేచి లోపలికెళ్లి దుపట్టా కళ్ల మీద కప్పుకుని పడుకునేదాన్ని. రెండో వారం బడికెళ్లాను. రెండు పీరియడ్లు బాగానే గడిచేవి. మూడో పీరియడ్‌లో పాఠం పైకి చదువుతుంటే అక్షరాలు ఈదినట్టుండేవి. ఇంటికొచ్చి బుర్ఖా కూడా తీయకుండా మంచం మీద పడిపోయేదాన్ని. అసర్ దాటిపోయేది, మగ్రిబ్ అజాన్‌కి మెలకువ వచ్చేది.

మా సాస్ నాకు సొంత ఖాలాయే. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే. ఆమెకి నా మీద ముహబ్బత్ లేదనడానికి వీల్లేదు. అయినా గుమ్మం దగ్గర నిలబడి, "క్యా జీ, ఫిర్ సో గయీ? స్కాన్ తో అచ్ఛా ఆయా నా?" అనేది. స్కాన్ బాగానే వచ్చింది కదా, మళ్లీ ఈ పడకేంటి అని. మా ఆయన ఏమీ అనేవాడు కాదు. గిన్నెలు కాస్త చప్పుడుగా కడిగేవాడు. మా బేటీ ఇంటర్ చదువుతోంది. ఒకరోజు అది ఫోన్‌లో ఫ్రెండ్‌తో "మా అమ్మీ ఈమధ్య అస్తమానం మూడ్‌లో ఉండదే" అంటుంటే వినపడింది. ఆ మాట కమ్మీ కంటే గట్టిగా తగిలింది.

కళ్ల సంగతి మొదట కనిపెట్టింది కూడా మా బేటీయే, తనకి తెలీకుండానే. దాని తెలుగు పాఠం చదివి వినిపిస్తుంటే, "అమ్మీ, ఆ లైన్ ఇందాకే చదివావు" అంది. ఇంకో నాలుగు లైన్లయ్యాక, "ఇప్పుడొకటి వదిలేశావు." ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాఠాలు చదివి వినిపిస్తున్నదాన్ని. లైన్ తప్పడం నాకు కొత్త.

చదివేటప్పుడు కళ్లు లైను మీద నీళ్లలా జారిపోతాయని అనుకుంటాం. అవి గెంతుతాయి. ఒక చోట ఆగుతాయి, సుమారు పావు సెకను. తర్వాత ముందుకు దూకుతాయి, మళ్లీ ఆగుతాయి. దూకేటప్పుడు దిమాక్ చూపుని ఆపేస్తుంది కాబట్టి ఆ మధ్యలో మనకేమీ కనపడదు, కనపడలేదన్న సంగతి కూడా తెలీదు. లైను చివరికొచ్చాక ఒక పెద్ద దూకు, కింది లైను మొదటికి. ఈ దూకుల్ని సకాడ్‌లు అంటారు. పారిస్‌లో లూయీ ఎమిల్ జవాల్ అనే కంటి డాక్టరు దగ్గర 19వ శతాబ్దం చివర్లో ఈ సంగతి బయటపడింది. ఆ జవాల్‌కే తర్వాత గ్లాకోమా వచ్చి రెండు కళ్లూ పోయాయి. అల్లా ఇష్టం.

నా కళ్లు ఆ పెద్ద దూకులో తప్పుతున్నాయి. కింది లైనుకి వెళ్లాల్సింది మళ్లీ పై లైనులోకి, లేకపోతే రెండు లైన్ల కిందికి. తప్పిన ప్రతిసారీ దిమాక్ వెతుక్కుని వెనక్కి రావాలి. ఒక పేజీలో ఇరవై ఐదు, ముప్ఫై లైన్లుంటాయి. లెక్క మీరే వేసుకోండి.

తిలావత్ దగ్గర ఇంకో వింత చూశాను. ఖురాన్ కుడి నుంచి ఎడమకి చదువుతాం, తెలుగు ఎడమ నుంచి కుడికి. కళ్లు ఆగిన చోటు నుంచి రాబోయే అక్షరాల వైపుకి మన చూపు ఎక్కువ దూరం పాకుతుంది. ఉర్దూ, ఇంగ్లీషు రెండూ చదివేవాళ్ల మీద జరిగిన ఓ పరిశోధన 2014లో అచ్చయింది. ఇంగ్లీషు చదివేటప్పుడు కుడివైపుకి, ఉర్దూ చదివేటప్పుడు ఎడమవైపుకి చూపు ఎక్కువ పాకుతుందట, అదే మనిషిలో. రెండు లిపుల మధ్య తిరిగే మన కళ్లు ఎంత పని చేస్తున్నాయో ఎవరం ఆలోచించం. నాకు రెండు వైపులా కష్టంగానే ఉండేది. కానీ చిన్నప్పుడు ఆలిమ్ సాబ్ దగ్గర నేర్చుకున్నట్టు అక్షరం కింద వేలు పెట్టి చదివితే లైన్ తప్పేది కాదు. కంఠతా వచ్చిన సూరాలు కళ్లు మూసుకుని చదివితే అసలు థకానే లేదు. అదే నోరు, అదే తల, అవే ఆయత్‌లు. కళ్లకి సెలవిస్తే చాలు, ఒంట్లో బలం ఉన్నట్టే ఉండేది. నాకు ఆరోజే అనుమానం వచ్చింది.

జనవరిలో హైదరాబాద్ వెళ్లాం, ఖాలా తోడు వచ్చింది. ఖమ్మం నుంచి బస్సులో నాలుగైదు గంటలు. కిటికీ పక్కన కూర్చుంటే బయట చెట్లు, స్తంభాలు వెనక్కి పరుగెత్తుతుంటాయి కదా, వాటి వెంట కళ్లు అసంకల్పితంగా పోయి పోయి వెనక్కొస్తాయి. సూర్యాపేట రాకముందే చక్కర్ మొదలైంది. ఖాలా తన దుపట్టా కొంగుని కిటికీకి పరదాలా కట్టింది. విసుక్కుంటూనే కట్టింది.

కళ్ల కదలికల్ని పరీక్షించే అమ్మాయి చిన్నది, పాతికేళ్లు కూడా ఉండవు. నాకు ఎలా ఉందో ముందు నంబర్లలో చెప్పమంది. సర్‌దర్ద్ ఎంత, చక్కర్ ఎంత, వికారం ఎంత, తలలో మంచు కమ్మినట్టు ఎంత, ఒక్కోటీ సున్నా నుంచి పది లోపు. తర్వాత తన వేలిని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ దాన్నే చూడమంది. మళ్లీ నంబర్లు అడిగింది. రెండు వేళ్లు దూరదూరంగా పెట్టి ఇక్కడ, అక్కడ, ఇక్కడ, అక్కడ అంటూ కళ్లు దూకించమంది, ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా. మళ్లీ నంబర్లు. బొటనవేలు చూస్తూ తల మాత్రం ఊపమంది. రెండో ఊపుకే వాంతి వచ్చేలా ఉంది. ఈ వరసని అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో తయారుచేశారు, 2014లో అచ్చయింది. పెద్ద మెషీన్ అక్కర్లేదు. రెండు వేళ్లు, ఒక స్కేలు, అడిగే ఓపిక ఉంటే చాలు.

చివరికి చిన్న అక్షరం అంటించిన పుల్లని నా ముక్కు వైపు మెల్లగా తెస్తూ, రెండుగా కనపడగానే చెప్పమంది. దగ్గరి వస్తువుని చూడాలంటే రెండు కళ్లూ లోపలికి తిరిగి ఒకే చోట కలవాలి. బాగున్న కళ్లు ముక్కుకి ఐదారు సెంటీమీటర్ల దాకా వచ్చినా కలిసే ఉంటాయి. నాకు 18 దగ్గరే ఒకటి రెండయింది. మళ్లీ చేసింది, 18. మూడోసారి 20. చేసేకొద్దీ దూరం పెరుగుతోంది.

నా పక్క స్టూలు మీద కూర్చున్న ఖాలా తస్బీహ్ ఆపేసింది. "అరే, ఇస్కీ ఏక్ ఆంఖ్ తో బాహర్ కు జా రయీ!"

నిజంగానే పోతోంది. ఇక కలపలేనప్పుడు ఒక కన్ను పట్టు వదిలేసి బయటి వైపుకి జారుతుంది. ఎదుటివాళ్లకి కనపడుతుంది, మనకి తెలీదు. ఆ అమ్మాయి ఖాలాని ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ చేసి చూపించింది. ఖాలా వంగి నా మొహంలోకి చూసింది, పుల్ల దగ్గరికొచ్చేకొద్దీ ఆమె మొహం మారింది. అప్పటికి రెండు నెలలుగా ఆ మొహాన్ని నేను గుమ్మం దగ్గర చూస్తున్నా. ఇది వేరే మొహం. తిరుగు ప్రయాణంలో పరదా కట్టేటప్పుడు విసుక్కోలేదు. సూర్యాపేటలో బస్సాగితే దిగి నా కోసం అల్లం చాయ్ తెచ్చింది.

నాకు సంతోషంగానే ఉంది. కొంచెం కోపంగానూ ఉంది, దాచడం దేనికి. నా నోటితో రెండు నెలలు చెప్పింది నమ్మడానికి నా కన్ను జారి చూపించాల్సి వచ్చింది. కన్ను జారనివాళ్ల సంగతేంటి? మామూలు చూపు పరీక్షలో గోడ మీది అక్షరాలు ఆరో వరస దాకా చదివేసి, స్కాన్ నార్మల్, కళ్లు నార్మల్ అని రెండు కాయితాలతో ఇంటికొచ్చి, ఏ కాయితం లేని థకాన్‌ని మోస్తున్నవాళ్లెంతమందో!

కళ్లు కదలడానికి, మనిషి అలిసిపోవడానికి ఉన్న రిష్తా ఏంటని ఆ తర్వాత తీరిగ్గా చదివాను. చదవడమంటే నేను పది నిమిషాలు, మా బేటీ పైకి చదివి వినిపించింది మిగతాది. ఒక్కో కంటికి ఆరు కండరాలు. వాటిని నడిపే నరాలు మూడు. వాటికి హుకుం ఇచ్చే జాగాలు దిమాక్ అంతటా పరుచుకుని ఉన్నాయి. నుదుటి వెనక కొంత, నడినెత్తి వైపు కొంత, మెడ మొదట్లో ఉండే కాండంలో కొంత, వెనక చిన్న మెదడులో కొంత. అందుకే దెబ్బ ఎక్కడ తగిలినా ఆ తీగల్లో ఏదో ఒకటి సాగే అవకాశం ఉంది. తిరిగే చుక్క వెంట కళ్లు పోయేటప్పుడు అవి చుక్కని వెంబడించవు, అది ఎక్కడికి రాబోతోందో అందాజా వేసుకుని ముందే అక్కడికి చేరతాయి. దెబ్బ తిన్న దిమాక్‌లో ఆ అందాజా చెడుతుంది. చూపు వెనకబడి, ఉలిక్కిపడి, దూకి అందుకుంటుంది. ఇలా రోజంతా.

1984లోనే నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ జోమెరెన్, ఆయన సహచరులు ఒక మాటన్నారు. దెబ్బ తిన్న దిమాక్ పని మానెయ్యదు, అదే పనిని ఎక్కువ జోర్ పెట్టి చేస్తుంది, ఆ జోర్ ఖరీదే థకాన్ అని. నాకిది వినగానే పాత కుట్టుమిషన్ గుర్తొచ్చింది. బెల్టు వదులైన మిషన్ కూడా కుడుతుంది, కుట్టు బాగానే పడుతుంది, తొక్కే కాళ్లకి మాత్రమే తెలుస్తుంది. నా క్లాసులో పాఠం బాగానే సాగింది కదా, మరి ఇంటికొచ్చి పడిపోవడమేంటి అన్నవాళ్లకి ఇదే జవాబు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు బిర్గిట్టా యోహాన్సన్, లార్స్ రోన్‌బ్యాక్ ఈ దిమాగీ థకాన్ కోసం 15 ప్రశ్నల స్కేలు తయారుచేశారు. అందులో అలిసిపోయాక మళ్లీ మామూలు కావడానికి ఎంతసేపు పడుతుంది, వెలుతురు, చప్పుడు భరించగలవా, రోజులో ఏ వేళ ఎక్కువ ఉంటుంది అని అడుగుతారు. మన ఇళ్లల్లో ఎవరూ అడగని ప్రశ్నలు.

మనవాళ్ల ముచ్చట కూడా ఒకటి చెప్తాను, ఖాలాకి చెప్తే మురిసిపోయింది. బస్రాలో పుట్టి ఖాహిరాలో బతికిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందట కితాబుల్ మనాజిర్‌లో, ఒక వస్తువుని సరిగ్గా తెలుసుకోవాలంటే చూపుని దాని మీద ముక్కముక్కగా తిప్పి చూడాలని రాశాడు. ఊరికే కళ్లు తెరిస్తే చూడటం కాదు, చూడటమంటే కదలడం. ఇక మన కాలంలో అమెరికా మినియాపోలిస్‌లో ఉజ్మా సమదానీ అనే న్యూరోసర్జన్ ఉన్నారు. తెర అంచుల వెంట తిరిగే వీడియోని నాలుగు నిమిషాల లోపు చూపించి, ఆ కళ్ల కదలికల్ని కెమెరాతో కొలిచే పద్ధతిని తయారుచేశారు. కంకషన్ ఉందో లేదో తేల్చడంలో డాక్టరుకి మదద్‌గా వాడేందుకు అక్కడి ఎఫ్‌డీఏ 2018 చివర్లో దానికి ఇజాజత్ ఇచ్చింది.

ఇక ఇలాజ్. గోలీల్లేవు. ఒక తెల్ల దారం, దానికి మూడు రంగుల పూసలు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, ఇంకో కొస ముక్కుకి ఆనించుకుని, దూరం పూస, నడిమి పూస, దగ్గరి పూస వరసగా చూడాలి. చూస్తున్న పూస ఒకటిగా ఉండాలి, మిగతావి రెండేసిగా కనపడాలి, దారం పూస దగ్గర కత్తెర వేసినట్టుండాలి. ఖాలా మొదటిరోజు చూసి "యే కౌన్‌సీ తస్బీహ్ హై? మూడే పూసలా?" అంది. ఇప్పుడు జొహర్ అయ్యాక "నీ మూడు పూసల తస్బీహ్ అయిందా?" అని ఆమే అడుగుతుంది. మొదట్లో రెండు నిమిషాలు చేస్తే గంట పడుకోవాల్సి వచ్చేది. నంబరు రెండు మార్కుల కంటే ఎక్కువ పెరిగితే ఆపెయ్యమన్నారు. బలవంతంగా చేస్తే త్వరగా తగ్గుతుందనుకోవడం మన మిజాజ్. ఇక్కడ ఆ పహిల్వానీ పనికిరాదు.

అలాగని చీకటి గదిలో నెలల తరబడి పడుకోవడమూ కాదు. పాత రోజుల్లో అలా చెప్పేవారు. ఇప్పుడు ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, తర్వాత కొంచెం కొంచెంగా పనుల్లోకి రమ్మంటున్నారు. తేలికపాటి నడక మంచిదంటున్నారు. నేను ఫజర్ తర్వాత డాబా మీద నడుస్తాను, ఆ వేళ ఎండ కళ్లలోకి రాదు.

నమాజ్ గురించి అడగడానికి మన ఆడవాళ్లు సంకోచిస్తారు కాబట్టి రాస్తున్నా. సజ్దా నుంచి లేవగానే చక్కర్ వచ్చేది. ఆఖర్న సలాంకి తల కుడికీ ఎడమకీ తిప్పినప్పుడు మరీ ఎక్కువ. నెల రోజులు కుర్సీ మీద చదివాను. బీమార్ మనిషికి దీన్‌లో ఆ వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. సలాం తిప్పేటప్పుడు ముందు కళ్లు, తర్వాత మెల్లగా తల తిప్పమని ఆ హైదరాబాద్ అమ్మాయే చెప్పింది. ఆమె పేరు బట్టి చూస్తే ముసల్మాన్ కాదు, "మీ ప్రేయర్‌లో చివర అలా తిప్పుతారు కదా ఆంటీ, దాన్నే ఎక్సర్‌సైజ్ చేసుకోండి" అంది. రమ్‌జాన్‌లో తరావీహ్ ఇంట్లోనే, నాలుగు రకాత్‌లకొకసారి కళ్లు మూసుకుని. షాదీఖానాలు మాత్రం ఇప్పటికీ నావల్ల కావు. తిరిగే లైట్లు, మైకు, అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు, వందమంది మొహాలు. చిన్నాడబిడ్డ కొడుకు వలీమాకి పదిహేను నిమిషాలు కూర్చుని వచ్చేశాను. ఖాలా నా ముందు నడుస్తూ, పలకరించిన ప్రతి ఒక్కరికీ "ఉస్కీ ఆంఖో కా ఇలాజ్ చల్ రా" అని చెబుతూ దారి చేసింది. కళ్ల ఇలాజ్ అంటే అందరూ తప్పుకున్నారు. థకాన్ అని చెబితే తప్పుకునేవారా?

ఏప్రిల్‌లో టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. రోజూ కట్టలు కట్టలు, ఒక్కో పిల్లది ఒక్కో చేతిరాత. మినహాయింపు అడిగితే ఆఫీసులో నా కాయితాలు తిరగేసి, "స్కాన్ నార్మల్ అనే ఉంది కదా మేడమ్" అన్నారు. ఈసారి నా దగ్గర ఇంకో కాయితం ఉంది. 18 సెంటీమీటర్లు, 18, 20 అని రాసి ఉంది దాని మీద. నంబరుంటే ఆఫీసు వింటుంది. డ్యూటీ తీసేశారు, దాంతోపాటు ఆ డబ్బులూ పోయాయి. బడిలో మాత్రం హెడ్మాస్టర్ గారు మూడో పీరియడ్ ఖాళీగా ఉండేట్టు టైంటేబుల్ మార్చారు. ఆ పీరియడ్‌లో స్టాఫ్ రూంలో కళ్లు మూసుకుని కూర్చుంటాను. కొత్తగా వచ్చిన సార్లు నిద్రపోతున్నానని అనుకుంటారు, అనుకోనీ.

ఒక జాగ్రత్త. తలకి దెబ్బ తగిలాక ప్రతి థకాన్ కళ్లదే కాదు. నిద్ర పట్టకపోవడం, రక్తం తక్కువ ఉండటం, థైరాయిడ్, దిల్ మీద పడిన బరువు, ఇవన్నీ కూడా అలాగే ఉంటాయి. అవి కూడా చూపించుకోవాలి. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో మాటిమాటికీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, లేపినా లేవని మత్తు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, మాట తడబడటం, వీటిలో ఏదున్నా దారాలు పూసలు అనకుండా దవాఖానాకి పరుగెత్తాలి. మెట్లు దిగేటప్పుడు మెట్టు రెండుగా, ఒకదాని మీద ఒకటి కనపడితే అది కంటిని కిందికి దించే నరం సంగతి కావచ్చు. అది వేరే డాక్టరు, వేరే ఇలాజ్.

ఇప్పుడు నాకు ఎనిమిది సెంటీమీటర్లు. పొద్దున ఎనిమిది, సాయంత్రం పదకొండు. తెలుగు ఇరవై నిమిషాలు ఏకబిగిన చదవగలను. లైను కింద పోస్ట్‌కార్డు పెట్టుకుంటే అరగంట. ఇది రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది, కొంత నేను చెబితే మా బేటీ టైపు చేసింది. మధ్యలో "అమ్మీ, నంబరెంత?" అని అడుగుతూనే ఉంది. నాలుగు అంటే లాప్‌టాప్ మూసేస్తుంది. మూడు అని అబద్ధం చెబితే నా మొహం చూసి పట్టేస్తుంది.

మా గల్లీలో ఖాలాకి ఇప్పుడు పెద్ద పేరొచ్చింది. పోయిన వారం ఎదురింటి పిల్లాడు క్రికెట్ ఆడుతూ గోడకి తల కొట్టుకున్నాడు. దవాఖానాకి తీసుకెళ్లారు, స్కాన్ నార్మల్. బడికి పంపితే బోర్డు మీదివి కాపీ చేయలేకపోతున్నాడు, బోర్డు చూసి నోట్‌బుక్ చూసేసరికి ఎక్కడున్నాడో తెలీడంలేదు, ఇంటికొచ్చి తినకుండా పడుకుంటున్నాడు. వాళ్లమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చింది, "చదువు తప్పించుకోడానికి నాటకాలు ఆడుతున్నాడు, మీరైనా చెప్పండి" అని. ఖాలా నా పెన్సిల్ తీసి వాడి ముక్కు వైపు తెచ్చి, ఎంత దూరంలో రెండయిందో దర్జీలా వేళ్లతో కొలిచింది. తర్వాత వాళ్లమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సోనే దే మా ఉస్కో. కల్ హమారీ ఇనో కే సాత్ హైదరాబాద్ భేజ్."

నా పేరు మీదే టికెట్టు బుక్ చేయించింది, కిటికీ పక్కది కాకుండా. వాడి క్లాస్ టీచర్‌కి చిట్టీ నేను రాసిస్తానన్నాను. బోర్డు మీదివి వీడితో రాయించకండి, పక్క పిల్లాడి నోట్స్ ఫొటో తీసుకోనివ్వండి, మూడో పీరియడ్ తర్వాత పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే ఏమీ అనకండి.